ఇంటర్వ్యూ అయింది, కబురు లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న వాళ్లవే. మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, ఎందుకంటే అందులో ఉన్న బాధ మిగతా చాలా ఉత్తరాల్లోనూ ఉంది.

ప్రశ్న: మాది తెనాలి. ఎం.కాం. చదివాను. ఇక్కడే ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. జీఎస్టీ రిటర్న్‌లు, టీడీఎస్, టాలీ అన్నీ చూస్తాను. హైదరాబాద్‌లో మందుల పంపిణీ చేసే ఒక కంపెనీకి అప్లై చేస్తే మొదట ఫోన్లో, తర్వాత వీడియో కాల్‌లో మాట్లాడి, మూడోసారి ఆఫీసుకే రమ్మన్నారు. ఈ నెల 4న నాన్నతో కలిసి వెళ్లాను. ఫైనాన్స్ మేనేజర్ గారు దాదాపు గంటసేపు మాట్లాడారు. జీతం ఎంత కావాలి, ఎప్పుడు చేరగలరు అని కూడా అడిగారు. బయటికొచ్చాక హెచ్‌ఆర్ అమ్మాయి ‘వారంలో చెప్తాం’ అంది. మూడు వారాలైంది. ఒకసారి మెసేజ్ పెడితే ‘ఇంకా ప్రాసెస్‌లో ఉంది’ అని వచ్చింది, అంతే. రివర్స్ ఛార్జ్ (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే జీఎస్టీ కట్టడం) మీద అడిగిన ఒక ప్రశ్నకు తడబడ్డాను, రాత్రిళ్లు అదే గుర్తొస్తోంది. కొత్త నంబర్ నుంచి ఫోన్ వస్తే గుండె దడదడలాడుతుంది, తీస్తే పర్సనల్ లోన్ కావాలా అంటారు. నాన్న రోజూ సాయంత్రం ‘ఏమన్నా తెలిసిందా’ అంటారు. పెద్దమ్మయితే ‘ఇన్నాళ్లు రాలేదంటే రానట్టేలే’ అనేసింది. ఇంకా ఎదురుచూడాలా, వదిలేయాలా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, ముందు ఆ రివర్స్ ఛార్జ్ ప్రశ్నను మనసులోంచి తీసేయండి. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో రిక్రూట్‌మెంట్ పనిలోనే ఉన్నాను. వద్దనుకున్న మనిషితో మాటలు ఇరవై నిమిషాల్లోపే అయిపోతాయి, మర్యాదగానే పంపేస్తారు. గంటసేపు కూర్చోబెట్టి, జీతం గురించి, చేరే తేదీ గురించి అడిగారంటే మీరు వాళ్లకు నచ్చారు. ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే, మీరు వచ్చేశాక ఆ ఆఫీసులో ఏం జరుగుతుందో తెలియాలి.

అకౌంట్స్ మనిషి కాబట్టి మొదటి కారణం మీకు నాకన్నా బాగా అర్థమవుతుంది. మీ ఇంటర్వ్యూ 4న. 7లోపు టీడీఎస్ కట్టాలి. 11కి అమ్మకాల రిటర్న్, జీఎస్టీఆర్-1. 14న కొనుగోళ్ల మీద పన్ను వివరాలుండే 2బీ వస్తుంది, దానితో కొనుగోళ్ల లెక్కలు సరిచూసుకుని 20కల్లా పన్ను కట్టే 3బీ రిటర్న్ వేయాలి. పైగా అది మందుల వ్యాపారం. వందల షాపులు, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి రావడం, వాటికి క్రెడిట్ నోట్లు. మిమ్మల్ని తీసుకోవాలనుకున్న ఆ సీటు ఖాళీగా ఉందంటే, ఆ పని కూడా ప్రస్తుతం ఆ మేనేజర్ గారి నెత్తినే ఉందన్నమాట. ఆయన 20 దాటేదాకా మీ ఫైల్ తెరిచి ఉండకపోవచ్చు. హెచ్‌ఆర్ అమ్మాయి ‘వారం’ అన్నప్పుడు ఇవేవీ ఆమె లెక్కలో లేవు. చాలా ఆఫీసుల్లో ఆ మాట అలవాటుగా నోటికొచ్చేస్తుంది.

రెండో కారణం గురించి బయట ఎవరూ చెప్పరు, కానీ తెలుసుకోవాల్సింది అదే. ఒక ఉద్యోగానికి చివరిదాకా వచ్చిన వాళ్లు సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందరూ పనికొచ్చేవాళ్లే. ఒకరిని మొదట అనుకుని ఆఫర్ ఇస్తారు. ఆ మనిషి వెంటనే సరేననరు. జీతం ఇంకొంచెం పెంచమంటారు. ఇంట్లో అడిగి చెప్తానంటారు. ఇప్పుడున్న చోట రాజీనామా పెడితే అక్కడ జీతం పెంచి ఆపేస్తారు. ఇదంతా తేలడానికి రెండు వారాలు పట్టొచ్చు, నెల కూడా పట్టొచ్చు. ఆ మనిషి సరేనన్నా రెండు మూడు నెలల నోటీసు ఉంటుంది, చేరాల్సిన రోజున రాకుండా పోయినవాళ్లను కూడా చాలామందిని చూశాను. ఈలోగా రెండో స్థానంలో ఉన్న వాళ్లకు హెచ్‌ఆర్ ఏం చెప్పాలి? కాదంటే రేపు అవసరమైనప్పుడు పిలవడానికి ముఖం చెల్లదు. అవునని ఎలాగూ అనలేరు. అందుకే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటారు. నా అనుభవంలో ఆ మాటకు చాలావరకు అర్థం రెండింట్లో ఒకటి: పైవాళ్ల సంతకం ఆగింది, లేదా ముందు ఇంకొకరిని అడుగుతున్నారు. మీరు అడిగిన జీతం వాళ్లు ఆ పోస్టుకు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువైతే డైరెక్టర్ దాకా వెళ్లి రావాలి. ఆయన ఊళ్లో లేకపోతే కాగితం అక్కడే ఉంటుంది.

ఇలా రెండోవరసలో ఉండి, నెలా నెలన్నర తర్వాత ఫోన్ వచ్చి చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. చేరాక వాళ్లను రెండోవాళ్లని ఎవరూ అనుకోలేదు, అసలు ఆ సంగతే ఎవరికీ గుర్తుండదు. కాబట్టి మీ పెద్దమ్మగారి మాట నిజం కాదు. అలాగని రోజూ ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చోమనీ చెప్పను.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మెసేజ్ కాదు, మెయిల్ పెట్టండి. వాట్సాప్ మెసేజ్‌కు హెచ్‌ఆర్ అమ్మాయి లిఫ్ట్‌లో నిలబడి జవాబిచ్చేస్తుంది. మెయిల్ అయితే మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయొచ్చు, ఫైల్లో ఉంటుంది. సబ్జెక్ట్ లైన్లో పోస్టు పేరు, మీ పేరు, ఇంటర్వ్యూ జరిగిన తేదీ రాయండి. లోపల నాలుగైదు వాక్యాలు చాలు. ఫలానా తేదీన ఫలానా వారితో మాట్లాడాను, సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగం మీద నాకు ఇప్పటికీ ఆసక్తి ఉంది. ఇంకేమైనా పత్రాలు కావాలంటే పంపుతాను. చివర ఒక్కటే ప్రశ్న: నిర్ణయం ఎప్పటికి వస్తుందనుకోవచ్చు? ‘నేను సెలెక్ట్ అయ్యానా’ అని అడగొద్దు. దానికి జవాబివ్వడానికి ఆమెకు అధికారం లేదు కాబట్టి ఏమీ చెప్పదు. ఎప్పటికి అని అడిగితే ఎవరినీ అడక్కుండానే ఆమె చెప్పగలదు. ‘ఇంకో పది రోజులు’ అన్నా మీకు అది పనికొస్తుంది.

తడబడిన ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇప్పుడు తెలుసు కదా అని మెయిల్లో రాయాలనిపిస్తుంది. వద్దు. వాళ్లు మర్చిపోయినదాన్ని మీరే గుర్తుచేసినట్టవుతుంది.

మెయిల్ పంపాక ఏడు పనిదినాలు ఆగండి. జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి, పొద్దున పదకొండు, పన్నెండు మధ్య అయితే మంచిది. సోమవారం వద్దు. అకౌంట్స్ పోస్టు కాబట్టి 7, 11, 20 తేదీలకు ముందు రెండ్రోజులు కూడా వద్దు. అప్పటికీ తేలకపోతే మీ వైపు నుంచి ఆ పేజీ తిప్పేయండి. వాళ్లు తర్వాత పిలిస్తే సంతోషం, వెళ్లండి. కానీ మీరు మాత్రం ఎదురుచూడటం లేదు, వేరే చోట్ల వెతుకుతున్నారు. అసలు ఈ వేరే చోట్ల వెతకడం ఆ రోజుదాకా ఆగక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి. ఉత్తరంలో మీరు ఇంకెక్కడైనా అప్లై చేసినట్టు రాయలేదు, నాకు దిగులనిపించింది అందుకే. నాలుగేళ్లు ఆడిటర్ ఆఫీసులో రిటర్న్‌లు వేసిన మనిషికి విజయవాడలో, గుంటూరులో కూడా పని ఉంది. ఆటోనగర్ నుంచి మిర్చి యార్డు దాకా రిటర్న్ వేయించుకోవాల్సిన వ్యాపారి లేని వీధి ఉంటుందా?

గడువు మీరే పెట్టుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ప్రభుత్వ ఉద్యోగమైతే మెరిట్ లిస్టు ఉంటుంది, కోర్టు ఉంటుంది, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 నాటి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1998 డీఎస్సీ రాసినవాళ్లలో ఎందరో ఇరవై ఏళ్లు దాటాక, 2023లో గానీ బడిలో అడుగుపెట్టలేదు. చేరేనాటికి కొందరికి రిటైర్మెంట్ వయసు దగ్గర పడింది. ఆ జీవితాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ వాళ్ల చేతిలో ఒక జాబితా ఉంది, దాన్ని పట్టుకుని పోరాడారు. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో మీ చేతిలో అలాంటిదేదీ లేదు. జవాబు చెప్పి తీరాలని వాళ్లమీద ఒత్తిడి పెట్టే మార్గం లేనప్పుడు, ఎన్నాళ్లు ఆగాలన్నదైనా మీ చేతుల్లో ఉండాలి.

ఫోన్ సంగతి. 140తో మొదలయ్యే నంబర్లు ప్రచార కాల్స్‌కు కేటాయించినవి. అవి ఉద్యోగం కబురు కావు, తీయకపోయినా నష్టం లేదు. మామూలు పది అంకెల నంబర్ అయితే తీయండి. ట్రూకాలర్‌లో ఎర్రగా స్పామ్ అని చూపించినా సరే. రోజుకు పదులకొద్దీ ఫోన్లు చేసే రిక్రూటర్ల నంబర్లను విసుగెత్తినవాళ్లు స్పామ్‌గా మార్క్ చేస్తుంటారు, మా టీమ్‌లో అందరికీ ఇది జరిగేది. మెయిల్లో స్పామ్, ప్రమోషన్స్ ఫోల్డర్లు కూడా రోజూ చూడండి. పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి, అంతకు మించి వద్దు.

ఎవరైనా ఫోన్ చేసి ‘మీరు సెలెక్ట్ అయ్యారు, లాప్‌టాప్ డిపాజిట్ కట్టండి, ట్రైనింగ్ ఫీజు పంపండి’ అంటే అక్కడే ఆపేయండి. మీ రెజ్యూమె పెట్టిన జాబ్ సైట్లలోంచి మోసగాళ్లూ నంబర్లు తీసుకుంటారు, ఎదురుచూపులో ఉన్నవాళ్లు తొందరగా నమ్ముతారని వాళ్లకు తెలుసు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బు అడగరు. పొరపాటున పంపేస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మీ నాన్నగారికి ఈ పేజీ చూపించండి. అయ్యా, మీరు అమ్మాయితో పాటు హైదరాబాద్ వెళ్లి, ఆ ఆఫీసు కింద కూర్చుని ఉంటారు. మీ ఆత్రం నాకు తెలుసు. కానీ రోజూ సాయంత్రం అడిగే ఆ ప్రశ్నకు జవాబు లేదని చెప్పడానికే ఆ పిల్లకు చచ్చేంత కష్టంగా ఉంటుంది. తెలిసిన నిమిషంలో మొదట మీకే చెప్తుంది. అప్పటిదాకా ఇంకేదైనా మాట్లాడండి.

ఈ పత్రిక చదివే హెచ్‌ఆర్ వాళ్లకు, చిన్న కంపెనీలు నడిపేవాళ్లకు ఒక మాట. మా టీమ్‌లో ఒక నియమం ఉండేది. నేరుగా ఆఫీసుకు రప్పించిన ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాకే ఆ పొజిషన్ ఫైల్ మూయాలి. ఒక మనిషి సెలవు పెట్టుకుని, తెల్లవారుజామున రైలెక్కి, మీ దగ్గరికి వచ్చింది. ఆమెకు ‘ఈసారి కుదరలేదు’ అని రెండు లైన్ల మెయిల్ పంపడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు మీరు ఇవ్వకపోతే తెనాలిలో ఒక ఇంట్లో నెలరోజులు నిద్ర ఉండదు. దయచేసి చెప్పండి. కాదన్న మాటైనా సరే చెప్పండి.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో సపోర్ట్ ఇంజినీర్‌గా ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నోటీస్ పీరియడ్ 90 రోజులు. కొత్త కంపెనీలో అన్ని రౌండ్లూ అయ్యాయి. హెచ్‌ఆర్ ఫోన్ చేసి ‘కన్ఫర్మ్ అయినట్టే, లెటర్ వస్తుంది, ఈలోగా పేపర్లు పెట్టేస్తే నోటీస్ మొదలవుతుంది కదా’ అన్నారు. పది రోజులైంది, లెటర్ రాలేదు. రాజీనామా పెట్టేయనా?
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: వద్దు తమ్ముడూ. లెటర్ చేతికి రాకుండా రాజీనామా పెట్టొద్దు. ఆ హెచ్‌ఆర్ మంచి మనిషే కావచ్చు, నిజంగానే మీ తొంభై రోజులు కలిసొస్తాయని చెప్పి ఉండొచ్చు. కానీ రేపు వాళ్ల క్లయింట్ ప్రాజెక్టు ఆపేస్తే ఆ పోస్టు ఆగిపోతుంది, మీకు ఫోన్లో చెప్పిన మాటకు ఎక్కడా రికార్డు ఉండదు. ‘ఆఫర్ లెటర్ వచ్చిన రోజే రాజీనామా పెడతాను’ అని మెయిల్లో రాయండి. తొందరంతా నిజంగా వాళ్లదే అయితే లెటర్ త్వరగా కదులుతుంది.

లెటర్ వచ్చాక కూడా చదివి చూడండి. జీతం, హోదా, చేరే తేదీ మూడూ ఉన్నాయా? బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయితేనే అని షరతు ఉందా? ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అని పంపితే అది ఆఫర్ కాదు, తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పడం మాత్రమే. 2022లో క్యాంపస్ సెలెక్షన్లు వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు చాలామంది ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని కూడా జాయినింగ్ తేదీ కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో అద్దె కట్టుకుంటూ గడిపిన పిల్లలు నాకు తెలుసు. కాగితం ఉన్నవాళ్ల పరిస్థితే అది. ఇంటి ఈఎంఐ ఉంటే అస్సలు తొందరపడకండి.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా పిలగాడు ఎనిమిది చదివి సెంట్రింగ్ పని చేస్తడు. దుబాయ్ కంపెనీకి ఇంటర్వ్యూ అని ఏజెంట్ తీసుకుపోయిండు. సెలెక్ట్ అయిండన్నడు. పాస్‌పోర్టు, 40 వేలు తీసుకున్నడు. నాలుగు నెలలైంది. అడిగితే వీసా వస్తది, ఇంకో 60 వేలు తయారుంచుకోండి అంటున్నడు. కంపెనీ వీసా లేటైతే విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మార్పిస్తా అన్నడు. రశీదు ఇయ్యలేదు. ఏం చేయాలె?
(ఒక తల్లి, జగిత్యాల జిల్లా)

జవాబు: అమ్మా, ఆ 60 వేలు ఇవ్వకండి. నా జవాబులో ఈ ఒక్కటీ మరిచిపోకుండా ఉండమని వేడుకుంటున్నాను. మిగతావన్నీ తర్వాత.

విదేశాలకు పనికి పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబర్ అడగండి. ఆ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది, లైసెన్సు ఇంకా నడుస్తోందో రద్దయిందో కూడా అక్కడే తెలుస్తుంది. మీ ఊరి మీసేవ కుర్రాడో, డిగ్రీ చదివే పిల్లలో ఎవరైనా చూసి పెడతారు. జాబితాలో ఉన్నది హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న ఆఫీసు పేరై, మీ దగ్గర డబ్బు తీసుకున్నది ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటైతే, అతనికి మీ నుంచి పైసా తీసుకునే హక్కు లేదు. లైసెన్సున్న ఏజెంట్ కూడా ఫీజుగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. దానికి రశీదివ్వాలి. మీ దగ్గర ఇప్పటికే అంతకు మించి తీసుకున్నాడు.

విజిట్ వీసా మాట వినగానే నాకు భయమేసింది. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వం అనుమతి, తప్పనిసరి. అది ఉంటే కంపెనీ పేరు, జీతం, కాంట్రాక్టు రికార్డుల్లో ఉంటాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్తే ఇవేవీ ఉండవు. అక్కడ పని చేస్తూ దొరికితే నేరం పిలగాడి మీదే పడుతుంది, ఏజెంటు మీద కాదు. ఆజాద్ వీసా (అక్కడికెళ్లాక ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మేది) అన్నా ఒప్పుకోవద్దు. గల్ఫ్ నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్లు మీ మండలంలోనే ఉంటారు, వాళ్లను పిలిచి అడగండి, నాకన్నా బాగా చెప్తారు.

పిలగాడికి వెళ్లాలనే ఉంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. విదేశీ కంపెనీలకు కావాల్సిన పనివాళ్లను అదే ఎంపిక చేసి పంపుతుంది. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, మేస్త్రీ పని తెలిసినవాళ్లకు గల్ఫ్‌లో ఎప్పుడూ గిరాకీ ఉంది, మంచి పని చేతిలో ఉన్న పిల్లవాడు దొంగదారిన పోనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇలాంటిదే ఓమ్‌క్యాప్ అని ఉంది.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికి మీరొక్కరే వెళ్లకండి. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులను వెంట తీసుకెళ్లండి. మూడు అడగండి: లైసెన్సు నంబర్, ఇచ్చిన 40 వేలకు రశీదు, కంపెనీ పేరు జీతం ఉన్న కాంట్రాక్టు కాగితం. డబ్బు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, అతను వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఏవీ తీసేయకండి, అవే మీ సాక్ష్యం. మూడింట్లో ఒక్కటి లేకపోయినా పాస్‌పోర్టు అక్కడికక్కడే వెనక్కి ఇమ్మనండి. ఇవ్వనంటే అదే రోజు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల సంగతి చూసే విదేశాంగ శాఖ అధికారి) ఆఫీసుకు పంపండి. ఫిర్యాదులో తేదీలు, ఎంత ఇచ్చారో, ఎవరి ముందు ఇచ్చారో రాయండి.